కరెంటు పెట్టించుకున్నాక చూపు తేడా చేస్తే: సమస్య, కారణం, పరిష్కారం

గొంతుకో, ముక్కు వెనక భాగానికో క్యాన్సర్ వచ్చి రేడియేషన్ (చాలామంది వాడే మాటలో కరెంటు) పెట్టించుకున్న మనిషికి కంటి సమస్య మొదలైతే, ఈ రెండింటినీ కలిపి చూసేవాళ్లు తక్కువ. అప్పటికి కరెంటు ఆపేసి ఏడాదో రెండేళ్లో దాటిపోయి ఉంటుంది. కంటి డాక్టర్ షుగర్ ఉందా, బీపీ ఉందా అని అడుగుతారు. అడిగినదానికి చెప్పి, చుక్కల మందు రాయించుకుని వచ్చేస్తాం. అందుకే మొదటి పరిష్కారం ఏ మందూ కాదు. కంటి డాక్టర్ ముందు కూర్చోగానే "నాకు ఫలానా చోట రేడియేషన్ ఇచ్చారు, ఫలానా నెలలో అయిపోయింది" అని చెప్పడం.

ముందు, ఇది మీకు వర్తిస్తుందా?

ముక్కు వెనక భాగం, ముక్కు లోపలి గోడలు, సైనస్‌లు, కంటి గూడు, పుర్రె అడుగు. గడ్డ ఈ చోట్ల ఉంటే కిరణాలు కంటి పక్క నుంచే వెళ్లాలి. నాలుక, స్వరపేటిక లాంటివి కిందికి ఉంటాయి కాబట్టి కంటికి నేరుగా దెబ్బ తగలడం అరుదు. వాళ్లకి మెడ రక్తనాళం ద్వారా వచ్చే చిక్కు వేరే ఉంది, అది కింద చెబుతాను.

గడ్డకి మామూలుగా ఇచ్చే మొత్తం డోసు 66 నుంచి 70 గ్రే (రేడియేషన్ కొలిచే యూనిట్). 33 నుంచి 35 సిట్టింగుల్లో, వారానికి ఐదు రోజుల చొప్పున ఇస్తారు. కంటిలోని లెన్స్‌కి 10 గ్రే దాటకుండా, కంటి నరానికి 54, 55 గ్రే దాటకుండా ప్లాన్ గీస్తారు. గడ్డ నరాన్ని ఆనుకునే ఉంటే గడ్డకి పూర్తి డోసు, నరానికి ఈ హద్దు రెండూ కుదరవు. అప్పుడు ప్రాణమా, చూపా అన్న లెక్క వేయాల్సి వస్తుంది. ఆ లెక్క మీ విషయంలో ఎలా తేలిందో మీకు తెలిసి ఉండాలి.

ఇంట్లో రెండు నిమిషాల పరీక్ష

ఒక కన్ను అరచేత్తో మూసి రెండో కంటితో చూడండి. తర్వాత కన్ను మార్చండి. రెండు కళ్లూ తెరిచి ఉంటే బాగున్న కన్ను రెండోదాని లోపాన్ని కప్పేస్తుంది. చూపు సగం పోయినా నెలల తరబడి తెలియనివాళ్లు ఉంటారు. వారానికోసారి చేస్తే చాలు, రోజూ చేసి టెన్షన్ పడొద్దు.

మసక కనిపిస్తే అట్టముక్కకి సూదితో రంధ్రం చేసి అందులోంచి చూడండి. అలా చూస్తే స్పష్టమైతే తప్పు ఎక్కువగా కంటి ముందు భాగానిది: అద్దాల పవరో, పొడిబారడమో, శుక్లమో. రంధ్రంలోంచీ మసకే అయితే రెటీనా (కంటి లోపల వెనక ఉండే తెర) వైపో నరం వైపో అనుమానించాలి. ఇంకోటి, ఏదైనా ఎర్ర మూత తీసుకుని ఒక్కో కంటితో చూడండి. ఒక కంటికి ఆ ఎరుపు వెలిసిపోయినట్టు కనిపిస్తే కంటి నరం గురించి వెంటనే చూపించుకోవాలి. ఇవి అనుమానం తీర్చుకోవడానికి మాత్రమే, డాక్టర్ పరీక్షకి బదులు కావు.

సిట్టింగులు నడుస్తుండగా వచ్చేవి

తల కదలకుండా బిగించే మాస్క్ తీయగానే కాసేపు మసకగా ఉంటే, అది కనురెప్పల మీద పడ్డ ఒత్తిడి కావచ్చు. కొద్దిసేపట్లో పోవాలి. ప్రతిసారీ అలాగే ఉంటే మాస్క్ బిగువు గురించి టెక్నీషియన్‌కి చెప్పండి. మిషన్ నడిచేటప్పుడు కళ్లు మూసుకున్నా నీలం వెలుగులు మెరిసినట్టు కొందరికి కనిపిస్తుంది. కిరణాలు కంటి లోపలి ద్రవంలోంచి వెళ్తున్నప్పుడు పుట్టే వెలుగు అది, దానికి భయపడక్కర్లేదు. రెప్పలు ఎర్రబడి మండటం, రెప్ప వెంట్రుకలు రాలడం కూడా ఈ రోజుల్లోనే ఉంటాయి. కంటి దగ్గర ఏ క్రీమూ సొంతంగా రాయకండి.

మందుల వల్ల వచ్చే మసకని చాలామంది కరెంటు ఖాతాలో వేస్తారు. నోరు ఎండిపోకుండా ఇచ్చే పైలోకార్పిన్ మాత్ర కంటిపాపని చిన్నది చేస్తుంది. దాంతో చీకట్లో చూపు తగ్గుతుంది, రాత్రి బండి నడపడం కష్టమవుతుంది. వాంతులు తగ్గడానికి చెవి వెనక అంటించే ప్యాచ్ దీనికి పూర్తిగా ఎదురు. పాప పెద్దదవుతుంది, దగ్గరివి మసకబారతాయి. ప్యాచ్ ముట్టుకున్న వేలితో కన్ను నులిమితే ఒక్క కంటి పాపే పెద్దదై కంగారు పుట్టిస్తుంది. స్టెరాయిడ్ వల్ల షుగర్ పెరిగినా అద్దాల పవర్ అటూ ఇటూ మారుతుంది. కాబట్టి మసక మొదలైన వారంలో కొత్తగా ఏ మందు చేరిందో రాసి పెట్టుకోండి. షుగర్ నిలకడ పడేదాకా కొత్త అద్దాలు కొనొద్దు, డబ్బు వృథా.

నలుసు పడ్డట్టు, ముల్లు గుచ్చుకున్నట్టు, లేదా ఒకటే నీళ్లు

అన్నిటికంటే ఎక్కువమందిని సతాయించేది ఇదే. కంటి పైభాగంలో బయటి మూలన కన్నీటి గ్రంథి ఉంటుంది. దానికి 30, 40 గ్రే దాటి పడితే తడి తగ్గుతుంది. డోసు బాగా ఎక్కువైతే నెలల్లోనే, తక్కువైతే ఏళ్ల తర్వాత బయటపడుతుంది. తడి లేని నల్లగుడ్డు మీద గీతలు పడి, పుండై, చివరికి మచ్చ మిగిలితే ఆ మచ్చ చూపుకే అడ్డం. "పొడిబారడమేగా" అని వదిలేసే సంగతి కాదు.

నీళ్లు కారుతుంటే పొడిబారడం ఎలా అవుతుంది అని అడుగుతారు. ఎండిన కన్ను మంటకి ఒక్కసారిగా నీళ్లు కార్చేస్తుంది, ఆ నీటిలో కంటిని అంటిపెట్టుకుని ఉండే జిగురు ఉండదు. ఇంకో కారణం కూడా ఉంది. ముక్కులోకి దిగే కన్నీటి గొట్టం రేడియేషన్‌కి బిగుసుకుపోతే నీళ్లు బయటికే వస్తాయి. మంట, గరగర ఎక్కువైతే మొదటిది. మంట లేకుండా లోపలి మూల నుంచి నీళ్లు చెంప మీదికి జారుతుంటే రెండోది. గొట్టం మూసుకుందో లేదో కంటి డాక్టర్ నీళ్లు ఎక్కించి చూస్తారు. అవసరమైతే ఆపరేషన్‌తో దారి కొత్తగా తెరుస్తారు.

పొడిబారడానికి కృత్రిమ కన్నీటి చుక్కలు. రోజుకి నాలుగుసార్లకి మించి వేయాల్సి వస్తే ప్రిజర్వేటివ్ లేనివే అడగండి, లేకపోతే మందే మంట పెడుతుంది. పడుకునే ముందు జెల్ లేదా ఆయింట్‌మెంట్. ఫ్యాన్ గాలి, ఏసీ గాలి ముఖానికి నేరుగా తగలకూడదు. అవి సరిపోకపోతే కన్నీరు జారిపోయే రంధ్రాలకి చిన్న బిరడాలు పెడతారు, సైక్లోస్పోరిన్ చుక్కలు ఇస్తారు, ఇంకా ఎక్కువైతే కంటిని తడిలో ఉంచే పెద్ద స్క్లెరల్ లెన్సులు ఉన్నాయి. పొడి కళ్లకి వేడి కాపడం పెట్టమని ఎక్కడపడితే అక్కడ చదువుతాం. మీరు మాత్రం జాగ్రత్త. కరెంటు తగిలిన చర్మానికి వేడి సరిగ్గా తెలియకపోవచ్చు, కాలిపోతుంది. మందుల షాపులో స్టెరాయిడ్ చుక్కలు అడిగి వేసుకోవడమైతే అసలొద్దు. కంటి ప్రెషర్ పెరుగుతుంది, ఉన్న పుండు ముదురుతుంది.

నిద్రలో రెప్ప పూర్తిగా మూసుకోకపోవడం మరో సంగతి. చెవి ముందు గ్రంథికి ఆపరేషన్ జరిగి ముఖం నరం దెబ్బతిన్నవాళ్లలో ఇది ఉంటుంది. మీకు తెలియదు, ఇంట్లోవాళ్లని చూడమనండి.

నెమ్మదిగా మసక, ఎదురు లైట్లు చిమ్మినట్టు

శుక్లం. కంటిలో రేడియేషన్‌కి అన్నిటికంటే తొందరగా లొంగేది లెన్సే. సాధారణంగా రెండు మూడేళ్లకి బయటపడుతుంది. ఈ రకం శుక్లం లెన్స్ వెనక పొర దగ్గర మొదలవుతుంది కాబట్టి ఎండలో, ఎదురు వాహనాల వెలుతురులో, దగ్గర చదువులో ముందుగా ఇబ్బంది పెడుతుంది. ఈ జాబితాలో మందుతో కాకపోయినా ఆపరేషన్‌తో చూపు చక్కగా తిరిగొచ్చే సమస్య ఇదొక్కటే. కాకపోతే ముందు రెటీనా, నరం బాగున్నాయో లేదో చూడాలి, పొడిబారడాన్ని అదుపులోకి తేవాలి. అవి చూడకుండా ఆపరేషన్ చేయించుకుని "అయినా కనబడట్లేదు" అనుకోవడం ఎవరికీ వద్దు.

గీతలు వంకరగా, నల్లమచ్చలు తేలుతూ

రెటీనాలోని సన్నని రక్తనాళాలు దెబ్బతిని రక్తం, నీరు కారడం. 45, 50 గ్రే దాటితే ముప్పు పెరుగుతుంది. మామూలుగా ఆరు నెలల నుంచి మూడేళ్ల మధ్య కనిపిస్తుంది. షుగర్ ఉన్నా, కీమో కూడా ఇచ్చినా ముప్పు ఇంకా ఎక్కువ. షుగర్ వల్ల వచ్చే రెటీనా జబ్బులాగే కనిపిస్తుంది కాబట్టి కరెంటు సంగతి చెప్పకపోతే పేరు మారిపోతుంది. కంట్లోకి ఇంజెక్షన్లు, లేజర్ ఉన్నాయి. పోయిన చూపంతా రాకపోయినా ఉన్నది నిలబెట్టుకోవచ్చు. దీన్ని పట్టించుకోకపోతే కంటి ప్రెషర్ ఒక్కసారిగా పెరిగి, కన్ను ఎర్రబడి భరించలేని నొప్పి రావచ్చు. అప్పుడు ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

నొప్పి లేకుండా చూపు పోవడం

కంటి నరం దెబ్బ. నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు, రోజుల్లో, వారాల్లో ఒక కన్ను చీకటవుతుంది. సాధారణంగా మూడేళ్లలోపే, ఎక్కువగా ఏడాదిన్నర ప్రాంతంలో వస్తుంది. సిట్టింగుకి 1.8 నుంచి 2 గ్రే చొప్పున ఇచ్చినప్పుడు నరానికి 55 గ్రే లోపు పడితే ఇది చాలా అరుదు. 55 నుంచి 60 మధ్య 3 నుంచి 7 శాతం, 60 దాటితే 7 నుంచి 20 శాతం మందిలో వస్తుందని 2010లో వచ్చిన క్వాంటెక్ (ఏ అవయవం ఎంత రేడియేషన్ తట్టుకుంటుందో నిపుణులు లెక్కగట్టిన) సమీక్ష లెక్క. మొదట్లో కంటి లోపల చూస్తే నరం మామూలుగానే ఉండొచ్చు. "కన్ను బాగానే ఉంది" అని పంపేస్తే ఒప్పుకోకండి, కాంట్రాస్ట్‌తో ఎమ్మారై (నరంలోకి మందు ఎక్కించి తీసే స్కాన్) అడగండి. గడ్డ తిరగబెట్టి నరాన్ని నొక్కుతోందా అన్నది కూడా అందులోనే తేలుతుంది.

దాచకుండా చెప్పాలంటే, దీనికి గట్టిగా పనిచేస్తుందని తేలిన మందు లేదు. స్టెరాయిడ్, హైపర్‌బారిక్ ఆక్సిజన్ (ఒత్తిడి పెంచిన గదిలో ఇచ్చే ఆక్సిజన్), బెవాసిజుమాబ్ (రక్తనాళాల నుంచి నీరు కారడం తగ్గించే ఇంజెక్షన్) ప్రయత్నిస్తారు. అయినా పరుగెత్తాల్సిందే. కారణం గడ్డో వాపో అయితే దానికి వైద్యం ఉంది, పైగా రెండో కంటిని ముందే గమనించుకోవచ్చు.

రెండు రెండుగా కనిపించడం

ఒక కన్ను మూయగానే ఒకటిగా కనిపిస్తే కంటిని తిప్పే నరాలదో కండరాలదో తప్పు. మూసినా రెండుగానే ఉంటే శుక్లమో నల్లగుడ్డో చూపించుకోండి. ముక్కు వెనక క్యాన్సర్‌లో ఇది కరెంటు వల్లా రావచ్చు, జబ్బు తిరగబెట్టడం వల్లా రావచ్చు. అందుకే స్కాన్ ముందు, అద్దాలు తర్వాత. ఈలోపు ఒక అద్దానికి టేపు అంటిస్తే నడక కుదురుతుంది. తర్వాత ప్రిజం అద్దాలు చేయిస్తారు.

తెర దిగినట్టు చూపు పోయి, నిమిషాల్లో రావడం

మెడకి మాత్రమే కరెంటు పెట్టించుకున్నవాళ్లు ఇక్కడ ఆగి చదవాలి. మెదడుకి, కంటికి రక్తం తీసుకెళ్లే మెడ నాళం ఏళ్ల తర్వాత సన్నబడి, అక్కడి నుంచి ముక్క ఊడి కంటి నాళంలో అడ్డుపడితే ఇలా అవుతుంది. చూపు తిరిగి వచ్చేసింది కదా అని ఊరుకుంటే రాబోయేది పక్షవాతం కావచ్చు. అద్దాల షాపుకి కాదు, పక్షవాతం చూసే ఆస్పత్రికి, అప్పటికప్పుడు. మెడకి డాప్లర్ స్కాన్ (నాళంలో రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్) చేస్తారు.

అడిగి తెచ్చుకోవాల్సిన కాగితం

కరెంటు ఇచ్చిన ఆస్పత్రి నుంచి చికిత్స సారాంశం తీసుకోండి. మొత్తం డోసు, సిట్టింగులు, మొదలైన తేదీ, అయిపోయిన తేదీ అందులో ఉంటాయి. దాంతోపాటు రెండు కళ్ల లెన్స్, రెటీనా, కంటి నరం, కన్నీటి గ్రంథికి విడివిడిగా ఎంత పడిందో రాసిమ్మనండి. మామూలు డిశ్చార్జి కాగితంలో ఈ అంకెలు ఉండవు, కానీ ప్లానింగ్ కంప్యూటర్‌లో ఉంటాయి. చివరి సిట్టింగు రోజే అడిగితే సులువు, ఏళ్లు గడిచాక పాత ఫైలు వెతికించడం పెద్ద పని. ఫోన్‌లో ఒక ఫోటో తీసుకుని, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కీ పంపండి.