పాము కాటేనా? 3వ పాఠం: గంటల లెక్క

శవ పంచాయతీ, అంటే అనుమానాస్పద మరణంపై పంచుల (సాక్షులుగా పిలిచే స్థానికుల) ఎదుట జరిగే విచారణ, ఎలా జరుగుతుందో గత పాఠంలో చూశాం. 2024 జూలై 1 నుంచి అది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేర విచారణ పద్ధతిని చెప్పే చట్టం) 194వ సెక్షన్ కింద సాగుతోంది. మరణ కారణంపై అనుమానం ఉంటే శవపరీక్షకు పంపాలి. ఇక పంచులుగా కూర్చునేవారికి, గ్రామ రెవెన్యూ సిబ్బందికి, యువ న్యాయవాదులకు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చే విద్యకు వద్దాం: ఏ గంటకు ఏ లక్షణం కనిపించిందో అడిగి మరణ కారణాన్ని వెతకడం.

కల్యాణదుర్గం దగ్గర ఒక పల్లె అనుకోండి. వేరుశనగ పీకే రోజులు. చాప వేసుకుని నేలమీద పడుకున్న 40 ఏళ్ల రైతు తెల్లవారేసరికి ప్రాణం విడిచాడు. నోటి పక్కన నురగ ఎండిపోయి ఉంది. ఎడమ పిక్క మీద రెండు చుక్కలు. గోడవారన పురుగుమందు డబ్బా. పాము కరిచిందని ఇంటివాళ్లు, మందు తాగాడని ఎదురింటివాళ్లు. మీరు ముందు దేన్ని పట్టుకుంటారు?

చాలామంది చుక్కల దగ్గర కూర్చుంటారు. అది తప్పు. ముందు భార్యను ఓపికగా కూర్చోబెట్టి, రాత్రి ఏ వేళకు ఏమన్నాడో అడగండి. ఆమె మాటలు ఇలా ఉన్నాయనుకుందాం: "రెండింటికి లేచి కడుపునొప్పి అన్నాడు, వాంతి చేసుకున్నాడు. నాలుగింటికి రెప్పలు ఎత్తలేకపోయాడు. మాట ముద్దగా వచ్చింది. నీళ్లిస్తే గుటక పడలేదు."

ఇది కట్లపాము నడక. రాత్రిపూట నిద్రలో ఉన్నవాళ్లను కరుస్తుంది. నొప్పి, వాపు దాదాపు ఉండవు. కడుపునొప్పితో మొదలై, రెప్పలు వాలి, గొంతు పట్టు తప్పి, చివరికి ఊపిరి ఆడించే కండరాలు ఆగిపోతాయి. మింగలేని మనిషి నోట ఉమ్మి నురగ కడుతుంది. కాబట్టి నురగను చూసి మందు అని తేల్చేయకండి. శవపరీక్షలో కూడా కట్లపాము విషానికి ప్రత్యేకమైన ఆనవాళ్లు దాదాపు దొరకవు. అందుకే ఆ భార్య మాట అంత విలువైనది, దాన్ని ఆమె చెప్పినట్టే రాయాలి.

ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు దారి వేరు. ఒళ్లంతా చెమట, విరేచనాలు, కండరాల అదురు, సూదిమొనంత కంటిపాపలు, మందు వాసన. పాపల సంగతి ఆసుపత్రి కేసు షీటులో చూడండి. చనిపోయాక అవి మారిపోతాయి. రక్తపింజరి అయితే కాటు వేసిన చోట వాపు, చిగుళ్ల నుంచి రక్తం, మూత్రపిండాల వైఫల్యం. కొన్ని రోజుల తర్వాత కూడా ప్రాణం పోవచ్చు. కేసు షీటులో 20 నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్ష ఫలితం ఉందేమో వెతకండి.

ఇప్పుడు చుక్కలు. సేద్యం చేసే కాలికి తుమ్మముళ్ల గాట్లు మామూలే. వైద్యుడు చర్మం కోసి చూస్తే, బతికుండగా దిగిన గాటు కింద రక్తం చిమ్మి ఉండవచ్చు. పిక్కతో ఆపకుండా జుట్టు లోపల, చెవి వెనక, వేళ్ల సందుల్లో కూడా చూడమనండి. నాటువైద్యుడు బ్లేడుతో కోసి ఉంటే ఆ సంగతి పంచనామాలో (పంచుల ఎదుట రాసే నివేదికలో) తప్పక ఎక్కాలి.

రెండు చుక్కల మధ్య దూరాన్ని కొలవడం ఎందుకు ముఖ్యమో 2020లో కేరళలోని కొల్లం జిల్లాలో జరిగిన హత్య చెబుతుంది. నిద్రపోతున్న భార్యను భర్త నాగుపాముతో కరిపించి చంపాడు. ఆమె చేతి మీది రెండు కాట్లలో కోరల మధ్య దూరం 2.3, 2.8 సెంటీమీటర్లు. తనంతట తాను కరిస్తే అంత వెడల్పు రాదని, తల నొక్కిపట్టి కరిపిస్తేనే వస్తుందని బతికున్న నాగుపాముతో పరీక్ష చేసి చూపారు. 2021 అక్టోబరులో అతనికి శిక్ష పడింది. గాటు పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయించడం అందుకే మానకూడదు.

గాటు ఉన్న చర్మాన్ని కింది కండతో సహా, పోల్చడానికి రెండో కాలి మీద అదే చోటి చర్మాన్ని విడివిడిగా తీయాలి. విషం వెతకాల్సిన ముక్కను ఫార్మలిన్‌లో (శరీర భాగాలు కుళ్లకుండా వాడే ద్రవంలో) వేయకూడదు. కాలేయం, కడుపులోని పదార్థం వగైరా చిక్కటి ఉప్పునీటిలో ఫోరెన్సిక్ ప్రయోగశాలకు వెళ్తాయి. ఆ నమూనాలకు వేసే సీళ్ల సంగతి 4వ పాఠంలో.

అంతవరకు ఒక పని చేయండి. అదే రైతు, అదే చాప. ఈసారి ఆమె, "తొమ్మిదింటికి పొలం నుంచి వచ్చాడు, చొక్కా తడిసిపోయేంత చెమట, నాలుగుసార్లు బయటికి వెళ్లాడు" అంది. ఆమెను అడగవలసిన తర్వాతి మూడు ప్రశ్నలు మీ నోటుపుస్తకంలో రాయండి.