ఒరోజెయి గల్ఫ్ బీచ్‌లకి వెళ్తున్నారా, ముందు గాలి చూసుకోండి

ఇటలీ దీవి సార్డీనియా గురించి వెతికితే చాలు, ఉత్తరాన ఉన్న ఖరీదైన రిసార్టులే ముందు కనిపిస్తాయి. వాటిని పక్కన పెట్టండి. కొండలు నిటారుగా సముద్రంలోకి దిగిపోయే చోట, అడుగున రాయి కూడా కనిపించే నీళ్ళు కావాలంటే తూర్పు తీరంలోని ఒరోజెయి గల్ఫ్‌కి వెళ్ళాలి. ఉత్తరాన కాలా గొనోనె, దక్షిణాన శాంతా మరియా నవర్రేజె అని రెండు చిన్న ఊళ్ళు, మధ్యలో అంతా సున్నపురాతి కొండలే. ఒడ్డు వెంట రోడ్డు లేదు కాబట్టి బీచ్ చేరాలంటే పడవ ఎక్కాలి, లేదా నడవాలి.

అందరూ హోటల్ బుక్ చేసి, బోటు బుక్ చేసి, వాతావరణం మాత్రం ఎండా వానా అని చూసి వదిలేస్తారు. ఇక్కడ చూడాల్సింది గాలి. వాయవ్యం నుంచి మయెస్త్రాలె అనే గాలి వీస్తుంటే దీవి పడమటి తీరం అల్లకల్లోలంగా ఉంటుంది కానీ కొండలు అడ్డం కాబట్టి ఈ పక్క చాలాసార్లు ప్రశాంతంగానే ఉంటుంది. తూర్పు గాలో, ఆగ్నేయం నుంచి వచ్చే షిరొక్కో గాలో మొదలైతే మాత్రం అలలు నేరుగా ఒడ్డు మీదికి వస్తాయి, బోట్లు ఆపేస్తారు. అందుకే రెండు రోజులు పెట్టుకుని వెళ్ళి టెన్షన్ పడేకంటే నాలుగు రోజులు ఉంచుకోండి, బోటు రోజుని గాలిని బట్టి జరుపుకోండి.

ఇంకో సంగతి, ఇది తూర్పు ముఖం తీరం, వెనకాల గోడలాంటి కొండ. మధ్యాహ్నం మూడు దాటాక చాలా బీచ్‌ల మీద నీడ పడిపోతుంది, నీళ్ళ రంగూ మారిపోతుంది. ఫొటోల్లో చూసిన ఆ రంగు కావాలంటే పొద్దున్నే వెళ్ళాలి, మెల్లిగా లేచి పదకొండింటికి టిఫిన్ చేసే అలవాటు ఆ నాలుగు రోజులు మానుకోండి.

ఒక్కటే చూడగలిగితే కాలా గొలోరిట్సే చూడండి. 1962లో కొండచరియ విరిగిపడి ఏర్పడిన బీచ్ ఇది, 1995లో ప్రకృతి స్మారకంగా ప్రకటించారు. పక్కనే 143 మీటర్ల రాతి సూది నిలబడి ఉంటుంది, దాన్ని తాళ్ళు కట్టుకుని ఎక్కేవాళ్ళు కనిపిస్తే మనకే కళ్ళు తిరుగుతాయి. పడవల్ని ఒడ్డుకి రానివ్వరు, బోటు టూర్లు దూరంగా ఆగి చూపించి వెళ్ళిపోతాయి. నేల మీదుగా రోజుకి 250 మందినే పంపుతారు, టికెట్ ఆరేడు యూరోలే కానీ ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోకపోతే ఎండాకాలంలో దొరకదు. బౌనెయి ఊరి నుంచి కారులో గోల్గో పీఠభూమి ఎక్కి, సు పోర్తెద్దు దగ్గర కారు ఆపి, మూడున్నర కిలోమీటర్లు దిగాలి. దిగడం గంట, గంటన్నర. అసలు కథ తిరుగు ప్రయాణంలో ఉంది, దాదాపు 470 మీటర్ల ఎత్తు ఎండలో ఎక్కాలి. మొదటిసారి నేను స్లిప్పర్లతో, లీటరు నీళ్ళతో దిగాను. పైకొచ్చేటప్పుడు దారిలో మేకలు ఆగి మరీ నన్ను చూశాయి, జాలిపడ్డాయో నవ్వుకున్నాయో తెలీదు. మనిషికి కనీసం రెండు మూడు లీటర్ల నీళ్ళు, పట్టున్న బూట్లు, టోపీ ఉండాలి. దారిలో నీళ్ళు దొరకవు. కింద ఇసుక అనుకోకండి, తెల్లటి గులకరాళ్ళు, నీళ్ళలోకి వేసుకునే రబ్బరు చెప్పులుంటే హాయి.

నడవలేని పెద్దవాళ్ళు ఉంటే పడవే నయం. కాలా మారియోలు బోట్లు ఆగే బీచ్, గులాబీ, తెలుపు కలిసిన చిన్న రాళ్ళు, ఒడ్డు దగ్గరే చేపలు, అద్దాలు పెట్టుకుని తల ముంచితే చాలు. ఆ పేరుకి దొంగ అని అర్థం, జాలర్ల వలల్లో చేపలు ఎత్తుకుపోయే సీల్ జంతువులకి పెట్టిన పేరని చెప్తారు. కాలా లూనాకి పడవ ఉంది, కాలా ఫుయిలి నుంచి రెండు గంటల నడక దారీ ఉంది. అక్కడ ఒడ్డునే పెద్ద పెద్ద గుహలు కాబట్టి చిన్న పిల్లలకి నీడ దొరుకుతుంది, ఇది మిగతా చోట్ల లేని సుఖం.

గుంపుతో వెళ్ళే టూర్ బోటు చవక, కానీ ప్రతి బీచ్‌లో వాళ్ళు చెప్పినంతసేపే. నలుగురైదుగురు ఉంటే రబ్బరు బోటు అద్దెకి తీసుకోవచ్చు, ఇటలీలో 40 హార్స్‌పవర్ లోపు వాటికి లైసెన్సు అడగరు. పెట్రోలు ఖర్చు సాధారణంగా వేరే. ఈతగాళ్ళ కోసం నీళ్ళ మీద తేలే బోయాలు కట్టిన గీత లోపలికి ఇంజిన్‌తో పోకండి. మీలో ఎవరూ ఎప్పుడూ పడవ నడపకపోతే మాత్రం, నా మాట విని టూర్ బోటే ఎక్కండి.

చేరడానికి ఓల్బియా ఎయిర్‌పోర్టు దగ్గర, అక్కడి నుంచి కాలా గొనోనెకి కారులో గంటన్నర పైన. రోమ్ వైపు నుంచైతే చివితావెక్కియా రేవులో రాత్రి ఫెర్రీ ఎక్కొచ్చు. కారు తప్పనిసరి అనే అంటాను, మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ ఇండియాలోనే తీసుకుని వెళ్ళండి. జూన్, సెప్టెంబర్ మంచి నెలలు, ఆగస్టులో ఇటలీ మొత్తం అక్కడే ఉంటుంది.

శాకాహారులకి భయం లేదు. కులుర్జోనెస్ అని అడగండి, అంచులు అచ్చం మన కజ్జికాయల్లా మడతలు పెట్టి, లోపల ఆలుగడ్డ, చీజ్, పుదీనా పెడతారు. కరసావు రొట్టె పెద్ద అప్పడంలా కరకరలాడుతుంది, నడిచే రోజు సంచిలో వేసుకుంటే పాడవదు.

ఇసుక, గులకరాళ్ళు గుర్తుగా తెచ్చుకోవడం అక్కడ నేరం, 500 నుంచి 3,000 యూరోల దాకా జరిమానా. ఎయిర్‌పోర్టులో బ్యాగులు చూసి పట్టుకుంటారు కూడా. పిల్లలుంటే తిరిగొచ్చే ముందు రాత్రి వాళ్ళ నిక్కరు జేబులు ఒకసారి దులపండి.