ఫ్లష్ గట్టిగా రావడం లేదా? ముందు బకెట్‌తో చూడండి

ట్యాంకు మూత తీసే ముందు, 6–7 లీటర్ల నీళ్లు ఒక్కసారిగా కమోడ్‌లో గుమ్మరించండి. జర్రున పోతే కింద పైపు బాగున్నట్టే, లోపం పైన ఉంది. పైకి లేచి మెల్లగా దిగితే ఎక్కడో అడ్డు పడింది. ప్లంజర్ (కర్రకు రబ్బరు గిన్నె ఉండే పంపు) పట్టుకోండి, ట్యాంకు జోలికి పోనక్కర్లేదు.

ట్యాంకులో నీటి మట్టం ఓవర్‌ఫ్లో పైపు (లోపల నిలువుగా ఉండే, పై మూతి తెరిచిన గొట్టం) అంచుకు సుమారు 2.5 సెంటీమీటర్ల కింద ఉండాలి. తక్కువుంటే ఫ్లోట్ (నీటిపై తేలుతూ మట్టాన్ని నియంత్రించే భాగం) స్క్రూ తిప్పి పెంచండి.

చాలాసార్లు అసలు దొంగ, ఫ్లష్ హ్యాండిల్‌ను ఫ్లాపర్‌కి (ట్యాంకు అడుగున నీళ్లు ఆపే రబ్బరు మూత) కలిపే గొలుసే. వదులెక్కువైతే ఫ్లాపర్ పూర్తిగా లేవదు, సగం నీళ్లకే మూసుకుపోతుంది. ఒక సెంటీమీటరు వదులు మాత్రమే ఉండేలా కొక్కెం మార్చండి. మరీ బిగిస్తే ఫ్లాపర్ సరిగ్గా కూర్చోదు, నీళ్లు కారుతూనే ఉంటాయి. రబ్బరు వంకర పోయినా, వేలికి నల్లగా అంటినా కొత్తది వేయండి, అతికించడం దండగ.

ట్యాంకు పూర్తిగా ఖాళీ అవుతున్నా ధార నీరసంగా ఉందా? కమోడ్ అంచు కింద చిన్న అద్దం పెట్టి చూడండి. రంధ్రాల్లో తెల్లటి గార కనిపిస్తే, ఓవర్‌ఫ్లో పైపులో అర లీటరు గోరువెచ్చని వెనిగర్ పోసి, రాత్రంతా ఫ్లష్ చేయకుండా వదిలేసి, పొద్దున సన్నని తీగతో పొడవండి. అంతకుముందు బ్లీచ్ వాడి ఉంటే మాత్రం బాగా కడిగాకే వెనిగర్ పోయాలి. రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది.