మన ఫైల్ మనమే పెట్టుకుందాం – 4: పొలం డబ్బును కాగితం మీద చూపించడం

కెనడాలో చదువుకోవడానికి దరఖాస్తు ఫైల్ సొంతంగా కట్టుకునేవాళ్ళ కోసం ఈ పాఠాలు. పోయిన పాఠంలో పాస్‌పోర్టు, టెన్త్ మార్కుల లిస్టు, డిగ్రీ సర్టిఫికెట్ పక్కపక్కన పెట్టుకుని పేరు అక్షరం అక్షరం సరిచూసుకోమన్నాను. అందులో ఒక మాట మిగిలిపోయింది. కొందరి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, ఇంటిపేరుతో సహా మొత్తం గివెన్ నేమ్‌లోనే ఉంటుంది. అలాంటివాళ్ళు కెనడా దరఖాస్తులో ఆ మొత్తం పేరును ఫ్యామిలీ నేమ్ గడిలో రాసి, గివెన్ నేమ్ గడిని ఖాళీగా వదలాలి. తిరగేసినట్టు అనిపించినా వాళ్ళ నియమం అదే.

ఇక ఈ పాఠం డబ్బు గురించి. స్టడీ పర్మిట్ (అక్కడ చదువుకోవడానికి కెనడా ఇచ్చే అనుమతి) ఫైల్లో మన గుంటూరు, పల్నాడు పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడేనని నా నమ్మకం. డబ్బు లేక కాదు, ఉన్న డబ్బును సరిగ్గా చూపించలేక.

ముందు లెక్క. క్యుబెక్ తప్ప మిగతా కెనడాలో ఎక్కడ చదివినా, ఒక్కరే వెళ్తుంటే ఏడాది బతకడానికి 22,895 కెనడా డాలర్లు చూపించాలి. 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన అంకె ఇది. అంతకుముందు 20,635 ఉండేది కాబట్టి సీనియర్లు చెప్పిన పాత అంకెతో ఫైల్ కట్టకండి. దీనికి మొదటి ఏడాది ఫీజు, ప్రయాణం ఖర్చు కలపాలి. లెక్క కోసం డాలరు 65 రూపాయలనీ, ఫీజు 18,000 డాలర్లనీ అనుకుందాం. ఖర్చులకు 14,88,175, ఫీజుకు 11,70,000, టికెట్‌కు ఒక లక్ష వేసుకుంటే మొత్తం 27,58,175 రూపాయలు. రేటు మారుతూ ఉంటుంది కాబట్టి ఒకటి రెండు లక్షలు పైన పెట్టుకోండి.

జీఐసీ, అంటే ఖర్చుల డబ్బును ముందే కెనడా బ్యాంకులో వేసే డిపాజిట్, గురించి చాలామంది అడుగుతున్నారు. ఎస్‌డీఎస్ (స్టూడెంట్ డైరెక్ట్ స్ట్రీమ్) అనే త్వరిత పద్ధతి ఉన్నప్పుడు అది తప్పనిసరి. ఆ పద్ధతి 2024 నవంబరు 8న ఆగిపోయింది. ఇప్పుడు జీఐసీ రుజువుల్లో ఒకటి మాత్రమే. చేయగలిగితే మంచిది, లేదంటే ఎడ్యుకేషన్ లోన్, ఫిక్స్‌డ్ డిపాజిట్, సేవింగ్స్ కలిపి చూపించవచ్చు. లోన్ శాంక్షన్ లెటర్‌లో మీ పేరు, కాలేజీ పేరు, కోర్సు పేరు ఆఫర్ లెటర్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో చూడండి. తేడా ఉంటే బ్యాంకుకు వెళ్ళి మార్పించుకోండి. ఒక పూట పని అంతే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. బ్యాంకు స్టేట్‌మెంట్ గత నాలుగు నెలలది పెట్టాలి. మీ ఫైల్ చూసే కెనడా ఆఫీసరుకు మన మిర్చి యార్డు తెలియదు. పంట అమ్మిన వారంలో ఖాతాలో లక్షలు పడతాయనీ, తర్వాత నెలల తరబడి ఏమీ రాదనీ తెలియదు. నెలనెలా జీతం పడే ఖాతాలు చూసే మనిషికి, మీ నాన్నగారి ఖాతాలో మార్చి నెలలో ఒక్కసారే పడిన నాలుగు లక్షలు అప్పు తెచ్చి వేసినట్టే కనిపిస్తాయి. అవి ఏడాదంతా పడిన కష్టమని చెప్పవలసింది మీరే.

చెప్పడానికి కాగితం ఉంది. మీ ఇంట్లో బీరువాలోనో, దేవుడి గూటి పక్కన కవర్లోనో తక్‌పట్టీ (సరుకు అమ్మినప్పుడు కొట్టువాళ్ళు తూకం, ధర రాసి ఇచ్చే చీటీ) ఉంటుంది, తీయండి. మా పక్కింటి అబ్బాయి తెచ్చిన పట్టీ ఇలా ఉంది: 90 టిక్కీలు (మిర్చి బస్తాలు), నికర తూకం 38 క్వింటాళ్ళు, క్వింటా 11,500, మొత్తం 4,37,000. కింద కోతలన్నీ పోను చేతికి వచ్చింది 4,22,000. మార్చి 14 తేదీ. స్టేట్‌మెంట్‌లో మార్చి 17న 4,00,000 జమ. మిగతా 22,000 కూలీలకు ఇచ్చేశారు. పట్టీ మీద తేదీకీ, బ్యాంకులో తేదీకీ మధ్య మూడు రోజులే. ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెడితే వేరే వాదన అక్కర్లేదు.

పట్టీ తెలుగులో ఉంటుంది కాబట్టి ఇంగ్లీషు అనువాదం, అనువదించినవారి అఫిడవిట్, అసలు పట్టీ కాపీ మూడూ కలిపి పెట్టాలి. ఇంట్లో ఇంగ్లీషు బాగా వచ్చిన అన్నయ్యో బాబాయో చేసిన అనువాదం పనికిరాదు. కుటుంబ సభ్యులు చేసింది ఒప్పుకోరు.

పట్టాదారు పాసుపుస్తకం, 1-బి, అడంగల్ లాంటి భూమి రికార్డులు కూడా జతచేయండి. కానీ వాటి పని ఏమిటో తెలుసుకుని పెట్టండి. మూడెకరాల విలువ కోటి అని సర్టిఫికెట్ తెచ్చినా ఆ కోటితో ఫీజు కట్టలేరు. ఆ కాగితాలు చెప్పేది ఆదాయం ఏ నేల నుంచి వస్తోందో, మీ ఇల్లు ఎక్కడ పాతుకుపోయి ఉందో. వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు కాబట్టి నాన్నగారి ఐటీ రిటర్నుల్లో ఆదాయం తక్కువగా కనిపించవచ్చు, అసలు రిటర్నులే ఉండకపోవచ్చు. ఆ సంగతి కూడా ఫైల్‌తో పెట్టే ఉత్తరంలో ఒక వాక్యంలో రాయాలి. రాయకపోతే ఏదో దాచినట్టు అనిపిస్తుంది.

మా అక్క కూతురి ఫైల్ దెబ్బతిన్నది ఈ మెట్టు దగ్గరే. ఒక కన్సల్టెన్సీ వాళ్ళు "ఫండ్స్ మేం చూపిస్తాం, మీకు టెన్షన్ వద్దు" అని వడ్డీకి పన్నెండు లక్షలు తెచ్చి మా బావగారి ఖాతాలో వేయించారు. ఎక్కడివో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. రిఫ్యూజల్ వచ్చింది. బాధ ఏమిటంటే, అదే ఖాతాలో వాళ్ళ సొంత పంట డబ్బు ఉంది, దానికి పట్టీలూ ఉన్నాయి. అప్పు సొమ్ము పక్కన చేరేసరికి అదీ నమ్మకం పోగొట్టుకుంది. ఆ పిల్ల వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను: మీది కాని డబ్బు మీ ఖాతాలోకి రానివ్వకండి. దొంగ స్టేట్‌మెంట్ జోలికైతే అసలు పోవద్దు. అబద్ధపు కాగితం అని తేలితే కెనడా ఇమిగ్రేషన్ చట్టం 40వ సెక్షన్ కింద అయిదేళ్ళు ఆ దేశంలోకి రానివ్వరు. ఏజెంటు పెట్టాడన్నా, నాకు తెలియదన్నా ఆ మాట మిమ్మల్ని కాపాడదు. దరఖాస్తు మీ పేరు మీదే ఉంటుంది.

ఈ కాగితాలన్నిటి పైన ఒక పేజీ ఉత్తరం ఉండాలి. ఇంగ్లీషులో రాసేదే అయినా ముందు తెలుగులో రాసుకోండి. మనసులో స్పష్టంగా ఉన్నది ఇంగ్లీషులోకి సులువుగా వస్తుంది. పక్కింటి అబ్బాయి రాసుకున్నది ఇది:

"మా నాన్నగారు పత్తిపాడు మండలంలో మూడున్నర ఎకరాల్లో మిర్చి పండిస్తారు. మా ఆదాయం నెలనెలా కాదు, పంట అమ్మినప్పుడు వస్తుంది. మార్చి 17న ఖాతాలో పడిన 4,00,000 రూపాయలు మార్చి 14న గుంటూరు మిర్చి యార్డులో అమ్మిన సరుకువి. అమ్మకం పట్టీ, అనువాదం 6, 7 పేజీల్లో ఉన్నాయి. నా చదువుకు 20,00,000 లోన్ మంజూరైంది, 9వ పేజీ. అమ్మ పేరు మీద 5,00,000 డిపాజిట్ మూడేళ్ళ నుంచి ఉంది, 11వ పేజీ."

ఇందులో దయచేసి, కృతజ్ఞతలు, నా చిన్ననాటి కల లాంటివి లేవు. ప్రతి అంకె పక్కన పేజీ నంబరు ఉంది. మొత్తం 29,00,000, కావలసిన దానికన్నా కొంచెం ఎక్కువే. చదివే మనిషికి వెతుక్కునే పని లేదు. మీదీ ఇలాగే ఉండాలి. ఆ తర్వాత పేజీలన్నీ ఇదే వరుసలో ఒక్క పీడీఎఫ్‌గా కలపండి. ఫైలు 4 ఎంబీ దాటితే అప్‌లోడ్ కాదు, కాబట్టి స్కాన్ చేసేటప్పుడే సైజు తగ్గించమని జిరాక్స్ షాపులో చెప్పండి. అంకెలు మసకబారకుండా చూసుకోండి.

వచ్చే పాఠానికి చేయవలసిన పని: నాలుగు నెలల స్టేట్‌మెంట్ ప్రింట్ తీసుకుని, యాభై వేలు దాటిన ప్రతి జమ కింద పెన్సిల్‌తో గీత గీయండి. ప్రతి గీత పక్కన అది ఎక్కడిదో నాలుగు మాటల్లో రాయండి, దానికి కాగితం ఉంటే టిక్ పెట్టండి. టిక్ లేని గీతలు ఎన్ని మిగిలాయో చూసుకుని నాన్నగారితో కూర్చోండి. పట్టీ పోయిందంటే, సరుకు వేసిన కొట్టుకు వెళ్ళి వాళ్ళ పుస్తకంలోంచి ఇంకో కాపీ అడగండి. అయిదో పాఠంలో బయోమెట్రిక్స్ (వేలిముద్రలు, ఫోటో ఇవ్వడం) సంగతి, హైదరాబాద్ వెళ్ళే రోజు చేతిలో ఏమేం ఉండాలో చూద్దాం.