డెరివేటివ్స్ రికార్డుల నిబంధనలపై సెబీకి అభిప్రాయం పంపడం ఎలా?

స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీ, నిబంధనలు మార్చే ముందు సంప్రదింపుల పత్రం విడుదల చేసి అందరి అభిప్రాయం అడుగుతుంది. అది రాగానే సోమాజిగూడ బ్రోకర్ ఆఫీసుల్లో ఏం జరుగుతుందో నాకు కంఠతా వచ్చు. మొదటి రెండు వారాలు ఎవరూ దాని జోలికి పోరు. చివరి రోజు సాయంత్రం ఎవరో వాట్సాప్‌లో ఒక ఉత్తరం పంపుతారు. ‘ఇది చిన్న బ్రోకర్లపై మోయలేని భారం, కాబట్టి ప్రతిపాదనను ఉపసంహరించుకోవాలి’ అని ఉంటుంది అందులో. తలా ఒక పేరు పెట్టుకుని అందరూ అదే పంపేస్తారు. పక్క ఆఫీసు పేరు తీసేయడం మరిచిపోయి అలాగే పంపినవాళ్లనూ చూశాను. ఆ తర్వాత నిబంధన వచ్చాక ‘మన మాట ఎవరు వింటారు లెండి’ అని నిట్టూర్పు. మాటంటూ ఒకటి చెబితే కదా వినడానికి!

ఇరవై ఏళ్లకు పైగా కంప్లయన్స్ పని, అంటే ఆఫీసు నిబంధనల ప్రకారం నడుస్తోందో లేదో చూసే పని, చేశాను. రికార్డుల గది తాళంచెవి నా దగ్గరే ఉండేది. ఏ కాగితం ఎన్నేళ్లు దాచాలి, ఏ ఫోను రికార్డింగు ఎప్పుడు చెరిపేయవచ్చు అన్న ప్రశ్నలతోనే జుట్టు నెరిసింది. అందుకే చెబుతున్నాను, ఇలా చేయండి. బ్రోకర్ ఆఫీసు ఉద్యోగులే కాదు, సొంతంగా ఫ్యూచర్స్, ఆప్షన్ల వంటి డెరివేటివ్స్ (షేరు లేదా సూచీ ధరపై ఆధారపడే ఒప్పందాలు) కొని అమ్మేవాళ్లు కూడా అభిప్రాయం పంపవచ్చు. రేపు ఏదైనా తగాదా వస్తే ఆ రికార్డు అవసరమయ్యేది వాళ్లకే.

కావలసినవి

కంప్యూటర్, పత్రం ప్రింటు, పెన్సిల్. ప్రింటు కాగితానికి ఒకవైపే తీయించండి, వెనకవైపు మీ లెక్కలకు. పెన్ను వద్దు. మొదటిసారి చదివినప్పుడు గీసిన గీతల్లో సగం రెండోసారి చెరిపేయాల్సి వస్తుంది.

గడువు

సాధారణంగా మూడు వారాలిస్తారు. పత్రంలో ఉన్న చివరి తేదీకి మూడు రోజుల ముందే మీ చివరి తేదీ అనుకోండి. ఎక్స్‌పైరీ రోజున, అంటే ఒప్పందాల గడువు తీరే రోజున, మాత్రం ఈ పని ముట్టుకోవద్దు.

పత్రాన్ని వెనక నుంచి చదవండి

పత్రం ఆంగ్లంలో ఉంటుంది. ముందు నేపథ్యం, తర్వాత కమిటీ ఏమంది, ఎక్స్ఛేంజిలు ఏమన్నాయి అన్న చర్చ సాగుతుంది. చాలామంది అక్కడే అలసిపోతారు. చివరి అనుబంధంలో సవరణ ముసాయిదా ఉంటే నేరుగా అక్కడికి వెళ్లండి. రేపు చట్టమయ్యేవి ఆ నాలుగు వాక్యాలే. ముందు పేజీల్లో ఎంత మెత్తగా రాసినా అది ఎవరినీ కట్టిపడేయదు. ‘మా ఉద్దేశం అది కాదు’ అని పత్రంలో ఉండి, ముసాయిదాలో అదే ఉంటే, తనిఖీకి వచ్చిన అధికారి చూసేది ముసాయిదానే.

తర్వాత ఇప్పటికే ఉన్న నియమాలు పక్కన పెట్టుకోండి. ఇవి ఒక్కచోట ఉండవు. సెక్యూరిటీస్ కాంట్రాక్ట్స్ (రెగ్యులేషన్) రూల్స్ 1957 నాటివి. వాటిలో 15వ నియమం సౌదా పుస్తకం (లావాదేవీల రిజిస్టరు), క్లయింట్ల లెడ్జర్, జనరల్ లెడ్జర్, జర్నల్, క్యాష్ బుక్ వంటివి ఐదేళ్లు దాచమంది. కాంట్రాక్ట్ నోట్ల (లావాదేవీ వివరాలతో క్లయింటుకిచ్చే పత్రాల) నకళ్లకూ, క్లయింట్లు రాసిచ్చిన సమ్మతి పత్రాలకూ రెండేళ్లు చాలంది. 1992 నాటి స్టాక్ బ్రోకర్ల నిబంధనలూ ఐదేళ్లే అన్నాయి, 2026లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. మనీ లాండరింగ్ నిరోధక చట్టం మొదట పదేళ్లంది, 2013 నుంచి ఐదేళ్లకు దిగింది. ఇక ఆర్డరు క్లయింటే ఇచ్చాడనడానికి రుజువు ఉండాలని 2018 మార్చి సర్క్యులర్ చెప్పింది: సంతకం చేసిన కాగితమో, ఫోను రికార్డింగో, ఈమెయిలో, ఇంటర్నెట్ లాగో, మొబైల్ సందేశమో. ఆ రుజువును ఆర్బిట్రేషన్‌లో (కోర్టు బయటి మధ్యవర్తిత్వంలో) ఫిర్యాదు స్వీకరించే గడువు మేరకు, అంటే అప్పటి లెక్కన మూడేళ్లు, దాచాలి. తగాదా మొదలైతే అది తేలేదాకా ఉంచాలి. తగాదాలో నిరూపించాల్సిన బాధ్యత బ్రోకర్‌దే. ఇవన్నీ మారుతుంటాయి. కాబట్టి ఆఫీసు అలమరలోని పాత పుస్తకం తీయకండి. సెబీ వెబ్‌సైటులో ఈ రోజు అమల్లో ఉన్న ప్రతి తీసుకోండి.

ఇంతవరకూ ఎవరైనా చేయగలరు. అందరూ బోల్తా పడేది దీని తర్వాతే.

అసలు పని: రాయకముందు ఒక రికార్డు వెతకండి

నాకు పని నేర్పిన పెద్దాయన పాత హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజి రోజుల మనిషి. 1943లో మొదలైన ఆ ఎక్స్ఛేంజి 2007లో గుర్తింపు కోల్పోయింది. ఆయన అలవాట్లు మాత్రం పోలేదు. ఉన్నట్టుండి ఒక తేదీ, ఒక క్లయింట్ కోడ్ చెప్పి, గడియారం చేతిలో పట్టుకుని కూర్చునేవారు. ఆ రోజు లెడ్జర్ పేజీ బల్లమీదికి వచ్చేదాకా నోరు మెదిపేవారు కాదు. పది నిమిషాలు దాటితే ‘మన దగ్గర లేనట్టే లెక్క’ అనేవారు.

మీరూ అదే చేయండి. ఒక్క అక్షరం రాయకముందు, మూడేళ్ల కిందటి ఒక తేదీ ఎంచుకోండి. ఫోనులో వచ్చిన ఒక ఫ్యూచర్స్ ఆర్డరు తీసుకోండి. దాని గొంతు రికార్డింగు, దాని ఆర్డర్ లాగ్ (కంప్యూటర్‌లో పడిన నమోదు), దాని కాంట్రాక్ట్ నోట్ మూడూ కలిపి తీసుకురండి. ఎంతసేపు పట్టిందో రాసి పెట్టుకోండి. మీరు పంపే అభిప్రాయానికి ప్రాణం ఆ అంకే. సొంతంగా ట్రేడింగ్ చేసేవాళ్లయితే మీ బ్రోకర్‌ను అడగండి: ‘నేను ఫలానా రోజు ఫోనులో ఇచ్చిన ఆర్డరు వినిపించండి.’ ఎన్ని రోజులకు వినిపిస్తారో లెక్కపెట్టండి.

ఎందుకింత పట్టు పడుతున్నానో చెబుతాను. అప్పట్లో నేను పనిచేసిన ఆఫీసులో ఒక తగాదా వచ్చింది. రికార్డింగు ఉంది. పద్నాలుగు సెకన్లు. వెనక ఫ్యాను చప్పుడు, ప్రెషర్ కుక్కర్ కూత, మధ్యలో క్లయింటు గొంతు: ‘బాబూ, నిన్న అనుకున్న ఆ రెండూ తీసేయండి.’ డీలర్ ‘సరే సార్’ అన్నాడు. అంతే. డీలర్ ఒకే స్ట్రైక్‌లో (ఆప్షన్‌కు ముందే ఖాయం చేసిన ధరలో) రెండు లాట్లు అమ్మాడు. తాను చెప్పింది రెండు వేర్వేరు స్ట్రైక్‌ల గురించని క్లయింటు. మరి ‘నిన్న అనుకున్నది’ ఏమిటి? నిన్నటి కాల్ లేదు. ఆర్డరు పడని కాల్స్‌ను నెలకోసారి చెరిపేసేవాళ్లం, స్థలం కలిసొస్తుందని. పైగా రికార్డరు గడియారం ఎక్స్ఛేంజి సమయం కన్నా ఏడు నిమిషాలు వెనక నడుస్తోంది. ఆ రికార్డింగు ఈ ఆర్డరుదేనని చూపించడానికే ఒక పూట పట్టింది. డబ్బు మేమే కట్టాం.

ఆ పద్నాలుగు సెకన్లలో రికార్డుల నిబంధనల తగువంతా ఉంది. ఏది రికార్డు, దేనితో జతపడాలి, ఏ గడియారం ప్రకారం అన్నవి. ముసాయిదాలో ‘ఆర్డరుకు సంబంధించిన సంభాషణ’ అని ఉంటే నిన్నటి కాల్ అందులోకి వస్తుందా, రాదా? అమెరికాలో డెరివేటివ్స్‌ను చూసే సీఎఫ్‌టీసీ ‘లావాదేవీకి దారితీసే’ మాటలను, రాతలను దాచమంటుంది. దారితీయడం ఎక్కడ మొదలవుతుందన్నదే చిక్కు. ఇలాంటి మాట కనబడగానే పెన్సిల్‌తో గుండ్రంగా చుట్టండి.

స్థలం ఖర్చు గురించి ఏడవకండి

ఉదాహరణకు ముసాయిదా ఇలా ఉందనుకోండి: డెరివేటివ్స్ ఆర్డర్ల ఫోను రికార్డింగులను ఆర్డరు తేదీ నుంచి ఎనిమిదేళ్లు దాచాలి. వెంటనే అందరూ రాసేది ‘నిల్వ ఖర్చు భరించలేం’ అని. దయచేసి రాయకండి. లెక్క చూడండి. మామూలు టెలిఫోన్ నాణ్యతతో, ఏ కుదింపూ లేకుండా, గంట మాటలకు సుమారు 58 ఎంబీ. ఎనిమిది లైన్లు, రోజుకు మూడేసి గంటలు, ఏడాదికి 250 రోజులు అనుకుంటే 6,000 గంటలు, అంటే ఏడాదికి దాదాపు 346 జీబీ. ఎనిమిదేళ్లకు మూడు టీబీ కూడా కాదు. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్తే అరచేతిలో పట్టే డిస్క్ ఒకటి కొనుక్కుని రావచ్చు. మీకు తెలియని లెక్కేమీ కాదిది, సెబీలో కూర్చున్నవాళ్లకూ తెలుసు. ఈ ఒక్క వాక్యంతో మీ మిగతా పేజీ విలువ పోతుంది.

నిజమైన ఖర్చు వెతకడంలో ఉంది. రికార్డింగు కంపెనీని మార్చారు, పాత ఫైళ్లు కొత్త సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకోవు. ఫైలు పేరులో తేదీ ఉంది కానీ క్లయింట్ కోడ్ లేదు. లైసెన్సు ముగిసింది. ఇది రాయండి, మీరు వెతికినప్పుడు పట్టిన సమయంతో సహా.

గడువు ఏ రోజు నుంచి?

ఇక్కడ ఇంకాస్త ఆగండి, ఎందుకంటే దీన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు. ‘ఐదేళ్లు’, ‘ఎనిమిదేళ్లు’ అన్న అంకెల మీదే అందరి కళ్లూ. ఆ లెక్క ఏ రోజు మొదలవుతుంది? ఆర్డరు ఇచ్చిన రోజా, ఒప్పందం ముగిసిన రోజా, ఖాతా మూసిన రోజా? షేరు కొంటే ఆర్డరుకూ సెటిల్‌మెంటుకూ మధ్య ఎక్కువ దూరం ఉండదు కాబట్టి పట్టింపు లేదు. డెరివేటివ్స్ అలా కాదు. నిఫ్టీలో దాదాపు ఐదేళ్ల దాకా గడువున్న ఆప్షన్లున్నాయి. కొనేవాళ్లు తక్కువే, కానీ ఉన్నారు. ఆర్డరు తేదీ నుంచి ఐదేళ్లే అన్న చోట, ఒప్పందం లెక్క తేలిన కొద్దికాలానికే ఆర్డరు రుజువు చెరిపేసినా తప్పు కాదన్నమాట! అమెరికాలో స్వాప్‌ల (రెండు పక్షాలు చెల్లింపులు మార్చుకునే ఒప్పందాల) రికార్డులకు ఒప్పందం నడిచినంత కాలం, ఆపైన మరో ఐదేళ్లు అన్నది ఇందుకే. అదే సమయంలో, మాటల రికార్డింగులకు అక్కడ ఒక ఏడాది చాలు. అన్ని రికార్డులకూ ఒకే గడువు పెట్టనక్కర్లేదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

ఇప్పుడు రాయండి. ఒక ప్రతిపాదనకు మూడే వాక్యాలు. నాలుగోది వచ్చిందంటే మొదటిది సరిగా రాయలేదన్నమాట. నేను రాసేది ఇలా ఉంటుంది:

‘ముసాయిదాలో “ఆర్డరు తేదీ నుంచి” అన్నచోట “ఆ ఆర్డరుతో ఏర్పడిన పొజిషన్ పూర్తిగా ముగిసి, సెటిల్‌మెంట్ జరిగిన తేదీ నుంచి” అని ఉండాలి. దీర్ఘకాలిక ఇండెక్స్ ఆప్షన్లలో ఒప్పందం ముగిశాక రుజువు మిగిలి ఉండే కాలం ప్రస్తుత వాక్యంతో బాగా తగ్గిపోతుంది. మా ఆఫీసులో మూడేళ్ల కిందటి ఒక ఫోను ఆర్డరును వెతకడానికి 2 గంటల 40 నిమిషాలు పట్టింది కాబట్టి, ప్రతి రికార్డింగుకూ క్లయింట్ కోడ్, ఎక్స్ఛేంజి సమయంతో సరిచూసిన వేళ జతచేయాలన్న షరతు కూడా చేర్చాలి.’

చూశారుగా, ‘వద్దు’ అన్న మాటే లేదు. తీసేసే మాట, దాని స్థానంలో పెట్టే మాట, కారణం, మీ అంకె. కొందరు మిత్రులు పదిహేను పేజీల వినతిపత్రం రాయించి, కవరు పేజీకి రంగు వేయించి పంపుతారు. అంత ఓపిక ఉంటే ఇలాంటి మూడేసి వాక్యాలు ఐదు ప్రతిపాదనలకు రాయవచ్చు. ఒప్పుకునే ప్రతిపాదనకు ‘అంగీకరిస్తున్నాం’ అని కారణంతో రాయడమూ మరవకండి. ఎదురు చెప్పేవాళ్లే రాస్తే సెబీకి వినబడేది ఒకవైపు మాటే.

ఒక హెచ్చరిక. క్లయింటు పేరు, కోడ్, ఫోను నంబరు, తగాదా నంబరు ఏదీ రాయకూడదు. మీరు రాసింది ఎవరి కంటైనా పడవచ్చనే అనుకోండి. నేను పైన చెప్పిన పద్నాలుగు సెకన్ల కథ కూడా అభిప్రాయంలో రాయాల్సింది కాదు. అందులోంచి వచ్చిన షరతు మాత్రమే రాయాలి.

పంపడం

ముందుగా వేరే ఫైల్లో రాసుకుని, తర్వాత సెబీ ఆన్‌లైన్ ఫారంలో ప్రతిపాదన వారీగా అతికించండి. ఫారం తెరిచి అందులోనే ఆలోచించకండి. ఫారం మొరాయిస్తే పత్రం చివర ఇచ్చిన ఈమెయిలుకు, వాళ్లు చెప్పిన శీర్షికతోనే పంపండి. పంపినట్టు వచ్చిన పేజీని ప్రింటు తీసి పెన్సిల్ గీతల పత్రానికి కలిపి గుచ్చండి.

పంపాక

ఆ కట్టను తుది నిబంధన వచ్చేదాకా పారేయవద్దు. 2024 జులైలో ఇండెక్స్ డెరివేటివ్స్‌పై వచ్చిన పత్రంలో ఏడు ప్రతిపాదనలుండేవి. అక్టోబరు 1న వచ్చిన సర్క్యులర్‌లో ఆరే మిగిలాయి, స్ట్రైక్‌ల కుదింపు కనబడలేదు. కాంట్రాక్టు కనీస విలువను మొదట 15–20 లక్షలకు, ఆరు నెలల తర్వాత 20–30 లక్షలకు పెంచుదామన్న ప్రతిపాదన కాస్తా 15 లక్షల దగ్గర ఆగింది. తుది నిబంధన రాగానే రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, మీరు గుండ్రంగా చుట్టిన మాటల్లో ఏవి మారాయో, ఏవి అలాగే ఉన్నాయో చూడండి. మారని మాట పక్కన అమలు తేదీ రాసి, రికార్డింగుల గదిలో గోడకు అతికించండి. ఆ తేదీ లోపు ఇంకొక్కసారి గడియారం పట్టుకుని, ఇంకో క్లయింట్ కోడ్‌తో, పాత కాల్ ఒకటి వెతకండి.