బెజవాడ ఉక్కలో హగీ టీ గిన్నెకు బూజు పట్టకుండా

మట్టి టీ గిన్నెల రకాల్లో మొదటిది రాకు, రెండోది హగీ, మూడోది కరాత్సు అని జపాన్‌లో మెచ్చుకునే వరస ఒకటి చెబుతారు. హగీ గిన్నె పైకి నున్నగా మెరిసినా, గుణానికి మన మట్టి కుండకు చుట్టమే. మట్టి గుల్లగా ఉంటుంది, గ్లేజు, అంటే పైన గాజులాంటి పూత, మీద వెంట్రుకంత పగుళ్లుంటాయి. ఏళ్ల తరబడి టీ వాటిలోకి ఇంకి రంగు మారడాన్నే హగీ ఏడు మార్పులంటారు. ఆ దారినే తేమ కూడా దిగుతుంది. తడి ఆరకుండా పెట్టెలో పెడితే బూజు ఖాయం.

గిన్నె రాగానే, నీళ్లు తగలకముందే, వంటింటి కాటాలో తూచి బరువు రాసుకోండి. తర్వాత పనికొస్తుంది. ఆపైన కొత్త కుండలాగే రాత్రంతా మంచినీళ్లలో నానబెట్టాలి. బోరు నీళ్లు వద్దు, వాటిలోని ఉప్పు గ్లేజు లేని అడుగున తెల్లగా పేరుకుంటుంది.

టీ కలిపే ప్రతిసారీ ముందు పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో ఉంచండి. మట్టి ముందే నీళ్లు తాగి ఉంటే టీని ఒక్కసారిగా పీల్చుకోదు, మరకలు తగ్గుతాయి. పొడి గిన్నెలో మరిగే నీళ్లు పోస్తే పగలొచ్చు. పల్చటి మాచాకు, అంటే పొడిని నీళ్లలో కలిపి తాగే గ్రీన్ టీకి, 2 గ్రాముల పొడి, 80 డిగ్రీల నీళ్లు 70 మి.లీ. చాలు.

కొత్తలో అడుగు నుంచి చెమ్మ కారడం లోపం కాదు, వాడేకొద్దీ పూడుతుంది. అందాకా కింద నూలు గుడ్డ వేయండి. జపాన్‌లో కొందరు బియ్యం కడుగు నీళ్లలో ఉడికించి కారడం ఆపుతారు. మన ఊళ్లో అది వద్దంటాం, గంజి బూజుకు మేత.

కడగడానికి గోరువెచ్చని నీళ్లు, చెయ్యి చాలు. సబ్బు వాసన మట్టికి పడితే వదలదు.

అసలు పని ఆరబెట్టడం. బోర్లిస్తే లోపలి తడి అక్కడే ఉండిపోతుంది. చిల్లుల బుట్టలో పక్కకు వాల్చి ఫ్యాను కింద పెట్టండి. ఎండలో, మైక్రోవేవ్‌లో వద్దు. ఆఖరున ఆరేది అడుగు పీఠం, జపాన్‌వాళ్లు కోదాయ్ అంటారు. మట్టి అసలు రంగు, గరుకు తెలిసేది అక్కడే. చాలా హగీ గిన్నెలకు ఆ పీఠం మీద ఒక గంటు కోసి ఉంటుంది, ఆరబెట్టేటప్పుడు తిప్పి తనివితీరా చూడండి. పీఠం చల్లగా తగులుతుంటే ఇంకా తేమ ఉన్నట్టే. మే నెలలో రెండు రోజుల్లో ఆరేది ఆగస్టులో వారం పట్టొచ్చు. రాసుకున్న బరువుకు వచ్చాకే పెట్టెలో పెట్టాలి, ఐదు గ్రాములు ఎక్కువున్నా ఆగండి.

బూజు వాసన వచ్చిందా, ఒక పాత్రలో గుడ్డ పరిచి, గిన్నెను చన్నీళ్లలో ముంచి, సన్న సెగ మీద నెమ్మదిగా కాచండి. కాగాక 20 నిమిషాలు ఉంచి, ఆ నీళ్లలోనే చల్లారనివ్వాలి. పగిలితే అతికించి బంగారు పొడి అద్దిన గిన్నెకు మాత్రం ఈ పని చేయకండి, అతుకు ఊడుతుంది.