పని మానేశాక ఆగిన జీతం రాబట్టుకోవడం ఎలా

వరంగల్ చౌరస్తా బట్టల షాపులో గానీ, హన్మకొండ ప్రైవేటు ఆస్పత్రిలో గానీ పని మానేసిన వాళ్లకు సాధారణంగా ఎదురయ్యే మాట ఒకటే: "వచ్చే నెల రా, చూద్దాం." చట్టం అంత గడువు ఇవ్వలేదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినా, యజమానే తీసేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ముట్టాలి. పనిలో ఉన్నప్పుడైతే నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోపు పడాలి.

గొడవకు పోయే ముందు కాగితాలు సర్దుకోండి. అపాయింట్‌మెంట్ లెటర్, పే స్లిప్పులు, జీతం జమైన బ్యాంకు స్టేట్‌మెంట్, ఐడీ కార్డు, హాజరు రిజిస్టర్ ఫొటో, డ్యూటీ వేసిన వాట్సాప్ మెసేజ్‌లు. చేతికి నగదు ఇచ్చే చోట చాలా కేసులు ఇక్కడే బలహీనపడతాయి, అక్కడ పనిచేసినట్టే రుజువుండదు కాబట్టి. అలాంటి చోట మెసేజ్‌లు, తోటివాళ్ల సాక్ష్యమే దిక్కు. రాజీనామా ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు. తేదీ వేసి మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో పంపండి, లేకపోతే "చెప్పకుండా పోయాడు" అని రాసుకుంటారు.

తర్వాత లెక్క. సరుకు పోయిందనో, గ్లాసు పగిలిందనో జీతం కోయాలంటే ముందు మీ సంజాయిషీ అడగాలి. జరిమానా ఆ నెల జీతంలో 3 శాతం దాటకూడదు. అన్ని కోతలూ కలిపినా జీతంలో సగానికి మించకూడదు. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు రేటు.

గ్రాట్యుటీ, అంటే ఏళ్ల తరబడి చేసిన సర్వీసుకు పని మానేటప్పుడు యజమాని ఇవ్వాల్సిన మొత్తం, చాలామంది వదిలేసుకునే డబ్బు. పది మంది, అంతకుమించి పనిచేసే చోట అయిదేళ్లు నిండితే వస్తుంది. చివరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో, సర్వీసు సంవత్సరాలతో గుణించాలి. వేతనం 13,000, సర్వీసు ఆరేళ్లయితే 45,000 రూపాయలు. ఆరేళ్ల ఏడు నెలలైతే ఏడేళ్లుగా లెక్కేస్తారు, అంటే 52,500. బేసిక్ తక్కువ చూపించి మిగతాది అలవెన్సుల కింద రాసే పాత కిటుకు ఇప్పుడు నడవదు. మొత్తం 20,000 ఇచ్చి బేసిక్ 5,000 అని రాసినా, కోడ్‌లో చెప్పిన అలవెన్సులు మొత్తంలో సగం దాటితే దాటిన భాగం వేతనంలో కలుస్తుంది. అంటే లెక్కకు 10,000 తీసుకోవాలి.

పీఎఫ్ (భవిష్య నిధి) కోశారా, కట్టారా అన్నది వేరువేరు విషయాలు. ఇరవై మంది, అంతకుమించి ఉన్న సంస్థలో మీ వాటా 12 శాతం, యజమాని వాటా 12 శాతం. 15,000 వేతనానికి మీ నుంచి 1,800, యజమాని నుంచి 1,800. యజమాని ఇచ్చేదాంట్లో 1,250 పెన్షన్‌కు పోతుంది కాబట్టి పాస్‌బుక్‌లో ఆయన వాటా 550 మాత్రమే కనిపిస్తే మోసం అనుకోవద్దు. యూఏఎన్ (మీ పీఎఫ్ ఖాతా నంబరు)తో ప్రభుత్వ ఉమాంగ్ యాప్‌లో నెలనెలా చూసుకోండి. మీ జీతంలోంచి కోసి కట్టకపోవడం మాత్రం నేరమే, పీఎఫ్ చూసే సంస్థ ఈపీఎఫ్‌ఓ వరంగల్ ప్రాంతీయ కార్యాలయానికి ఫిర్యాదు చేయండి.

ఇప్పుడు యజమానికి లెటర్: ఏ నెల, ఎన్ని రోజులు, ఎంత బాకీ, ఎప్పటిలోపు ఇవ్వాలి. అక్నాలెడ్జ్‌మెంట్‌తో స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. పలకకపోతే జీతం సంగతికి సహాయ కార్మిక అధికారి కార్యాలయం. మీ ఇల్లు నర్సంపేటలో ఉన్నా పనిచేసింది హన్మకొండలో అయితే అక్కడి ఆఫీసుకే వెళ్లాలి, తప్పు ఆఫీసులో ఇస్తే రోజులు పోతాయి. దరఖాస్తు రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర వేయించుకోండి. జీతం క్లెయిమ్‌కు గడువు మూడేళ్లు. హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ వాళ్లు ఏజెన్సీ పేరుతో పాటు ఆస్పత్రి పేరు కూడా రాయాలి. కాంట్రాక్టర్ ఎగ్గొడితే పని చేయించుకున్న సంస్థే కట్టాలి.

వకీలుకు ఇచ్చుకోలేని వాళ్లకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, పారిశ్రామిక కార్మికులు ఉచిత సాయానికి అర్హులు. ఫోన్ 15100.

రాజీ కుదిరి డబ్బు ముట్టేటప్పుడు ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. సగమే ఇస్తే సంతకం పైన "మొత్తం బాకీలో ఇంత మాత్రమే అందింది" అని అంకెలోనూ అక్షరాల్లోనూ మీ చేత్తోనే రాయండి.